ఆడ రేటు

ఫిబ్రవరి 5, 2001

ఈ డైరీ కంపెనీది. కొత్త సంవత్సరానికి మగవాళ్ళకు డైరీలు ఇచ్చారు, ఆడవాళ్ళకు స్టీలు గిన్నెలు ఇచ్చారు. మా ఆయన తనది తెచ్చి బీరువా మీద పడేశాడు. నెల రోజులు చూసి నేను తీసుకున్నాను. ఇంటర్ తప్పిన తర్వాత మళ్ళీ పెన్ను పట్టడం ఇదే.

ఇవాళ నన్ను కుట్టు మిషన్ మీద పెట్టారు. విత్తనాల సంచులకు మూతి కుట్టే మిషన్ అది. పైనుంచి తాడుకు వేలాడుతుంది. ఒక చేత్తో పట్టుకుని సంచి మూతి వెంబడి నడిపిస్తే కుట్టుకుంటూ పోతుంది. ఇన్నాళ్ళూ మగవాళ్ళే పట్టారు. పొద్దుటి షిఫ్టు మనిషి మందుల ఫ్యాక్టరీలో పని దొరికిందని మానేశాడు. సీజను ముంచుకొస్తోంది, ఇంకో మనిషి దొరకలేదు. మేనేజరు గోపాలరావు గారు విత్తనాలు జల్లించే మా జల్లెడల దగ్గరికి వచ్చి, మీలో ఎవరైనా చెయ్యగలరా అని అడిగారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను లేచాను.

మొదటి నాలుగు సంచులు వంకరపోయాయి. తర్వాత ఒక్కటీ పోలేదు.

రెండింటికి షిఫ్టు మారింది. మధ్యాహ్నం షిఫ్టులో ఆ మిషన్ మీద ఉండేది ఆయనే. నేను పట్టిన పిడి తీసుకుని, "మస్తు వేడి జేసి ఇచ్చినవ్" అని నవ్వాడు. మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ దాకా బస్సులో ఒక్కదాన్నే కూర్చుని నేనూ నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 19

రెండో మిషన్ మీద మా జల్లెడ దగ్గరి ఐలమ్మను పెట్టారు. నేనే నేర్పాను. పొద్దుటి షిఫ్టు కుట్టేవాళ్ళం ఇప్పుడు ఇద్దరం ఆడవాళ్ళమే. మధ్యాహ్నం ఆయన, జంగయ్య.

మార్చి 7

జీతాలు ఇచ్చారు. నాకు రోజుకు నలభై ఎనిమిది లెక్కనే వేశారు, జల్లెడ పట్టినప్పుడు ఇచ్చినట్టే. ఆ మిషన్ మీద ఆయనకు డెబ్బై. లెక్క తప్పిందేమోనని గోపాలరావు గారిని అడిగాను.

"తప్పేం లేదమ్మా. ఆడవాళ్ళ రేటు అంతే. నేను పెట్టింది కాదు, మొదట్నుంచీ ఉన్నదే. నీడపట్టున ఉంటున్నావు, బరువు మొయ్యట్లేదు. నీకేం కష్టం చెప్పు?" అన్నారు.

ఆయన కూడా బరువు మోయడు. సంచులు మోసేది హమాలీలు. ఈ మాట నాకు బస్సెక్కాక తట్టింది.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. రెండు జీతాలూ ఒకే ఇంటికి వచ్చేటప్పుడు ఎవరిది ఎంతైతే ఏమిటన్నాడు. నిజమే కదా. నాకు కోపం లేదు.

మార్చి 8

కోపం లేదు. ఊరికే అడిగాను, అంతే.

మార్చి 11

శామీర్‌పేటలో పొదుపు సంఘాల మీటింగ్. లోన్ల సారు వస్తాడని అందరం పోయాం. ఆ సారు రాలేదు. అల్వాల్ నుంచి ఒక లాయరమ్మ వచ్చి మాట్లాడింది. సగం మంది ముచ్చట్లలో ఉన్నారు. నేను కూడా చీర కొంగుతో విసురుకుంటూ కూర్చున్నాను. ఒకే పనికి ఆడ మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని చట్టం ఉందని ఆమె చెప్పింది. డెబ్బై ఆరులో వచ్చిందట.

నేను పుట్టిన ఏడు అది. నాకు ఇరవై అయిదేళ్ళు. బడికి పోయాను, పెళ్ళి చేసుకున్నాను, కొడుకును కన్నాను, కలుపు తీశాను, నాట్లు వేశాను, జల్లెడ పట్టాను. ఆ చట్టం నాతో పాటు పుట్టి, ఇన్నేళ్ళూ ఎక్కడో బతికే ఉంది. ఒక్కరూ నాకు చెప్పలేదు.

చెప్పాల్సిన వాళ్ళకు తెలియదా? గోపాలరావుకు తెలుసు. తెలిసే నా మొహంలోకి చూసి నీకేం కష్టం అన్నాడు.

కోపం ఉంది. మొన్న కూడా ఉంది.

మార్చి 14

ఐలమ్మతో, సుక్కమ్మతో మాట్లాడాను. ఐలమ్మకు భర్త లేడు. కూతురు అశ్రితను ఇంగ్లీషు మీడియంలో వేసింది. ఉన్నది కూడా పోతుందని భయపడింది. ఆమెను ఏమనగలను?

సుక్కమ్మ అందరికంటే పెద్దది, కంపెనీ పెట్టినప్పటి నుంచి జల్లెడ దగ్గరే ఉంది. అంతా విని నెమ్మదిగా అడిగింది. "జల్లెడకాడ మొగోడు ఒక్కడు లేడు గద బిడ్డా. మరి నేనెవ్వనికి సమానం?"

దీనికి లాయరమ్మ దగ్గరైనా జవాబు ఉండేదో లేదో.

మార్చి 20

లేబర్ ఆఫీసుకు పోయాను. ఐలమ్మ బస్టాపు దాకా వచ్చి వెనక్కి మళ్ళింది. తనకు ఏమీ రాదని తెలిసి కూడా సుక్కమ్మ నాతో వచ్చింది. మేడ్చల్‌లో దిగి, దారి అడుగుతూ పోయాం.

ఆఫీసరు వయసు మళ్ళిన మనిషి. మొదట వినీ విననట్టే ఉన్నాడు. తర్వాత కాగితం తీసుకుని, ఆ మిషన్ మీద మగవాళ్ళు కూడా పనిచేస్తున్నారా అని అడిగాడు. చేస్తున్నారని చెప్పాను. అదే మిషనా, అవే సంచులా అన్నాడు. అవే అన్నాను.

"పోల్చి చూపించడానికి ఒక మనిషి కావాలమ్మా. పేరు చెప్పు."

జంగయ్య పేరు చెప్పొచ్చు. కానీ జంగయ్యది ఐలమ్మ మిషన్, ఐలమ్మ రాలేదు. నా మిషన్ మీద ఉన్నది ఒక్కడే.

"సిద్దయ్య" అన్నాను.

"నీకు తెలిసిన మనిషేనా?"

"మా ఇంటాయన సార్."

ఆఫీసరు రాయడం ఆపి నా వైపు చూశాడు. సుక్కమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. తర్వాత పేరు రాసుకున్నాడు. నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

మా ఆయనకు ఇవాళ చెప్పలేదు. ఆదివారం తీరిగ్గా చెప్తాను.

మార్చి 25

ఆదివారం. ఆయన మేనమామ వాళ్ళు వచ్చారు. కోడి కోశాం. కుదరలేదు.

ఏప్రిల్ 1

ఇవాళా కుదరలేదు. నోటీసు వచ్చినప్పుడు చూద్దాం. అసలు వస్తుందో రాదో.

ఏప్రిల్ 6

ఆఫీసరే వచ్చాడు. సరిగ్గా షిఫ్టు మారే వేళకు గోపాలరావును వెంటబెట్టుకుని మిషన్ దగ్గర నిలబడ్డాడు. నేను పిడి మా ఆయన చేతికి ఇచ్చాను. ఆఫీసరు దాన్నీ చూశాడు, నన్నూ చూశాడు, ఆయననూ చూశాడు. కాగితంలోకి చూసి, "సిద్దయ్య అంటే నువ్వేనా?" అని అడిగాడు.

నేను తల ఎత్తలేదు.

రాత్రి ఆయన అన్నం తినలేదు. కంచం పక్కకు జరిపి, "నా పేరు రాపిచ్చేముందల నాకొక్క మాట జెప్పొద్దా?" అన్నాడు.

"చెప్తే వద్దంటవని."

"అనేటోన్నే. అందుకే జెప్పాలె గద."

తప్పు నాదే, తెలుసు. కానీ నలభై ఎనిమిది తప్పు ఎవరిది? దాని మీద ఆయన ఒక్క రాత్రి అయినా అన్నం మానాడా?

ఏప్రిల్ 9

షిఫ్టు మారేటప్పుడు ఆయన పిడి నా చేతి నుంచి తీసుకోడు. నేను వదిలి పక్కకు జరిగిన తర్వాత తీసుకుంటాడు.

ఏప్రిల్ 10

అట్లాగే ఉంది.

ఏప్రిల్ 17

గేటు లోపల బోర్డు మీద నోటీసు అంటించారు. కుట్టు మిషన్ల మీద ఆడ మగ తేడా లేదట. ఇక నుంచి అందరికీ ఒకటే రేటట. నలభై ఎనిమిది.

మళ్ళీ మళ్ళీ చదివాను. మాది పెంచలేదు. వాళ్ళది కోశారు.

షిఫ్టు మారే వేళకు యజమాని జనార్ధన్ కారు దిగి, అందరినీ షెడ్డు ముందు నిలబెట్టాడు. ఈ రోడ్డు పొడుగునా సగం భూమి వాళ్ళదే. జెడ్పీటీసీకి నిలబడాలని చూస్తున్నాడట. గొంతు పెంచడు. చాలా మెత్తగా మాట్లాడతాడు. "సమానం గావాలన్నరు. జేసిన. గవర్నమెంటు మాట కాదనేటోన్ని గాదు నేను. ఇగ ఎవ్వరిని అడుగుతరో మీలో మీరే అడుక్కోన్రి."

ఆ మాటతో మగవాళ్ళందరూ నా వైపు తిరిగారు. జంగయ్య నేల మీద ఉమ్మాడు. ఆయన మాత్రం తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండేది.

గోపాలరావు ఫైలు చంకలో పెట్టుకుని చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. చదువుకున్నవాడు. ఈ ఉపాయం ఎవరి బుర్రలోదో నాకు తెలియదా?

ఏప్రిల్ 21

కంపెనీ ఎదురుగా చాయ్ హోటలులో హమాలీలు ఆయనను ఆడ రేటోడు అని పిలిచారట. జంగయ్య కూడా నవ్వాడట, తన జీతం కూడా అంతేనని మర్చిపోయి. ఆయన చెప్పలేదు. ఐలమ్మ చెప్పింది.

మగవాడిని తిట్టాలంటే నా జీతం చాలు. చెప్పు, బూతు ఏదీ అక్కర్లేదు. నా రేటు ఆయనకు తిట్టు అయింది. అంటే ఇన్నాళ్ళూ నన్ను వాళ్ళు రోజూ తిడుతూనే ఉన్నారు, నెలకోసారి కవరులో పెట్టి మరీ.

ఏప్రిల్ 22

అత్త నాతో మాట్లాడింది. మా అత్త నర్సమ్మ నోట్లో నుంచి మాట రావడమే గగనం. ఆమె రోజుల్లో కూలి కింద మగవాళ్ళకు మూడు శేర్ల వడ్లు, ఆడవాళ్ళకు రెండు శేర్లు కొలిచేవారట. పొలంలో దిగాక పని ఎవరిది ఎక్కువో అందరికీ కనబడేదట. ఎవరూ అడగలేదా అన్నాను. "అడగొచ్చని మాకెర్కనా?" అంది. అంతే అంది. తర్వాత కొడుకు వైపు మాట్లాడుతుందనుకున్నాను. బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

మే 7

ఆయన కవరు తెచ్చి దేవుడి పటం ముందు పెట్టాడు. ఎంతుందో ఇద్దరికీ తెలుసు. బాబు బడి ఫీజు కట్టాలి. కిరాణా బాకీ ఉంది.

"సల్లగుందా ఇప్పుడు?" అన్నాడు. అరవలేదు. నేను అరిచాను. నీ రేటు కోసింది నేనా, వాడా అని అరిచాను. పక్కింటి వాళ్ళు కూడా విన్నారు. బాబు ఏడుస్తూ అవ్వ దగ్గరికి పోయాడు.

కాగితం వాపసు తీసుకుంటాను. అందరికీ ఇదే కావాలి కదా. తీసుకుంటాను. నాకొక్కదానికే పట్టిందా?

మే 9

వాపసు తీసుకోవడానికే పోయాను. ఒక్కదాన్నే పోయాను.

నోటీసు సంగతి చెప్తే ఆఫీసరు కళ్ళద్దాలు తీశాడు. ఆయనకు కోపం రావడం ఇదే మొదలు. సమానం చెయ్యడానికి ఎవరి జీతమూ తగ్గించకూడదట. ఆ మాట కూడా ఆ చట్టంలోనే రాసి ఉందట. తక్కువ ఉన్నది పెంచాలి తప్ప ఎక్కువ ఉన్నది కొయ్యడానికి లేదు.

ఈ ఉపాయం ఎవరో ముందే పట్టి, చట్టంలోనే ఆపి పెట్టారన్న మాట. అంటే మా జనార్ధన్ కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. ఇలాంటి వాళ్ళు అప్పుడే ఉన్నారు.

కానీ జీతం తగ్గిందని తగ్గినవాళ్ళు చెప్పాలి. మగవాళ్ళలో ఒక్కరైనా వచ్చి, మాదీ ఆడవాళ్ళదీ ఒకే పని, మా రేటు కోశారు అని చెప్పాలి. విచారణ నెలాఖరుకు పెట్టాడు.

"మీ ఆయన వస్తాడా?" అని అడిగాడు.

వస్తాడని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. వాపసు మాట ఎత్తలేదు.

మే 10

ఆయనకు అన్నీ చెప్పాను. ఈసారి ముందే చెప్పాను. విన్నాడు. బండి తుడవడానికి బయటికి పోయాడు.

మే 13

ఐలమ్మ సంతకం పెట్టింది. ఎలాగూ ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు, ఇంకేం పోతుందంది.

మే 24

జనార్ధన్ ఆయనను ఆఫీసు గదిలోకి పిలిపించాడట. కుర్చీ వేసి చాయ్ ఇప్పించాడట. ఆఫీసరు ముందు ఒక్క మాట చెప్తే చాలునట. సంచులు కుట్టడమే కాదు, లారీ ఎక్కించడం కూడా తన పనే అని. అప్పుడు రెండు పనులూ వేరు అవుతాయి. ఆయనకూ జంగయ్యకూ పాత రేటు ఇస్తారు, పైన అయిదు కలుపుతారు. నాది నలభై ఎనిమిది దగ్గరే ఉంటుంది.

అన్నం తింటూ చెప్పాడు. చెప్పి, ఇంకాస్త పప్పు వడ్డించుకున్నాడు.

ఏం చెప్తావని నేను అడగలేదు. అడిగితే నా కోసం చెప్పినట్టు అవుతుంది, ఆయనంతట ఆయన చెప్పాలి. అని రాసుకుంటున్నాను. అసలు సంగతి అది కాదు. అడగడానికి భయం.

మే 27

జంగయ్య ఒప్పుకున్నాడట.

మే 29

విచారణ అయింది. అంతా వరసగా రాయాలి.

లేబర్ ఆఫీసుకు నేను, ఐలమ్మ, సుక్కమ్మ బస్సులో పోయాం. ఆయన బండి మీద వేరుగా వచ్చాడు. కంపెనీ వైపు గోపాలరావు, ఒక లాయరు ఉన్నారు. జంగయ్య వాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఆయన ఎవరి పక్కనా నిలబడలేదు, తలుపు దగ్గర ఆగిపోయాడు.

గోపాలరావు చెప్పాడు. మగవాళ్ళు కుట్టడంతో పాటు లోడింగు చేస్తారని, ఆడవాళ్ళు చెయ్యరని, అందుకే రేటు వేరని, ఇప్పుడు లోడింగు తీసేశాం కాబట్టి రేటు తగ్గిందని. ఎంత సాఫీగా చెప్పాడంటే నేనే నమ్మేలా ఉన్నాను. జంగయ్యను అడిగితే అవును అన్నాడు. ఐలమ్మ ఉన్న వైపు చూడలేదు.

తర్వాత ఆయనను పిలిచారు. లోడింగు చేస్తావా అని అడిగాడు ఆఫీసరు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. గోపాలరావు మెల్లగా, "చెప్పు సిద్దయ్యా, భయం లేదు" అన్నాడు. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలినట్టుంది. గోపాలరావు వైపు తిరిగాడు.

"భయమేంది సార్. నేను మూట ఎత్త. ఎన్నడు ఎత్తలే. హమాలోళ్ళు ఎత్తుతరు." అప్పుడు ఆఫీసరు వైపు తిరిగాడు. "నాది గా మిషనే సార్. రెండింటిదాక మా ఇంటామె పడ్తది, రెండింటికెల్లి నేను పడ్త. నాకంటె ఆమె కుట్టే సాపుగుంటది. నాకు డెబ్బై ఉండె. మొన్న నలభై ఎనిమిది జేసిన్రు."

లాయరు ఏదో అడగబోతే, ఇంకా చెప్పేది లేదన్నాడు.

బయటికి వచ్చాక నేను ఆయన దగ్గరికి పోయాను. ఏదో అనాలి. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా కోపం, ఎవరి మీదో తెలియదు. ఆయన బండి స్టార్టు చేస్తూ, "ఎక్కు. జల్దీ పోవాలె, షిఫ్టుకు టైమైతాంది" అన్నాడు. ఎక్కాను.

జూన్ 6

కంపెనీ దిగివచ్చింది. లారీలు వరసగా నిలబడ్డాయి, రైతులు విత్తనాల కోసం చూస్తున్నారు, పైగా జనార్ధన్‌కు ఎలక్షన్లు ఉన్నాయి. ఆఫీసరు ముందు రాసిచ్చారు. కుట్టేవాళ్ళు నలుగురికీ డెబ్బై. మాకు తక్కువ ఇచ్చింది, వాళ్ళకు కోసింది అంతా కలిపి ఇవ్వాలి. జంగయ్యకు కూడా వస్తుంది. రానీ. చట్టం మనిషిని చూసి ఇవ్వదు.

జల్లెడ వాళ్ళ మాట అందులో లేదు. సుక్కమ్మ నా భుజం తట్టి తన జల్లెడ దగ్గరికి పోయింది. ఆమె అడిగిన దానికి ఇంకా జవాబు దొరకలేదు. ఆఫీసరును అడిగితే, వాళ్ళది కనీస వేతనం కిందికి వస్తుందేమో చూడాలి, వేరే కాగితం పెట్టండి అన్నాడు. పెడతాం.

జూన్ 9

డబ్బులు ఆఫీసులో ఇవ్వరట. రేపు షెడ్డు ముందు షామియానా వేసి, పేపరు వాళ్ళను పిలిచి, మీటింగ్ పెట్టి ఇస్తారట. మహిళా కార్మికులకు సమాన వేతనమని బ్యానరు కట్టారు. దాని మీద జనార్ధన్ ఫోటో ఉంది, నా తలకాయకు పదింతలు ఉంటుంది. చీర కూడా పెడతారట.

గోపాలరావు వచ్చి, మైకులో రెండు ముక్కలు చెప్పమన్నాడు. "సార్‌కి కృతజ్ఞతలు అంటే చాలమ్మా. ఎక్కువ అక్కర్లేదు."

జూన్ 10

ఇవాళ రాయలేను.

జూన్ 12

పేపరులో పడింది. ఆయన పొద్దున్నే పాల ప్యాకెట్‌తో పాటు తెచ్చాడు. జనార్ధన్ దండ వేసుకుని నవ్వుతున్నాడు. పక్కన నేను, మైకు పట్టుకుని, నోరు తెరిచి. కింద రాసింది ఇది: సమాన వేతనం అందించిన యజమానికి కృతజ్ఞతలు తెలుపుతున్న కార్మికురాలు పద్మ.

నా పేరు సరిగ్గా రాశారు. అది ఒక్కటే సరిగ్గా రాశారు.

ఆయన రెండుసార్లు చదివాడు. పేపరు మడిచి జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. ఎక్కడికి అన్నాను. చాయ్ హోటలుకు అన్నాడు. ఇయ్యాల అందరు గిదే సదువుతరు, అసలు ముచ్చటేందో జెప్పొస్త అన్నాడు. ఆయన ఆ హోటలు మెట్లు ఎక్కి చాలా రోజులైంది.

అత్తకు చదువు రాదు. ఏం రాశారని అడిగింది. చదివి వినిపించాను.

"గట్లనే అన్నవా?"

"లేదత్తా."

"మరేమన్నవ్?"

చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను. చీర పళ్ళెం నా ముందు పెట్టారు, నేను తీసుకోలేదు. కవరు తీసుకున్నాను. మైకు దగ్గరికి పోయాను. జనార్ధన్ చప్పట్లు మొదలుపెట్టాడు, నేను మాట్లాడకముందే. ఆ చప్పట్లకు నాకు గొంతు వచ్చింది.

"ఇది సారు పెట్టింది గాదు. ఇనాం గాదు. నేను, ఐలమ్మ చేసిన పనికి మా జీతం. ఇన్ని రోజులు ఇయ్యకుంట పెట్టుకున్నరు. కాగితం పెడితె, ఆఫీసరు అడిగితె ఇచ్చిన్రు. మా జీతానికి మేమెందుకు దండం పెట్టాలె?"

అక్కడ గోపాలరావు మైకు తీసేసుకున్నాడు.

అత్త అంతా విని, చీర ఎందుకు తీసుకోలేదని అడగలేదు. పోయి పొయ్యి మీద ఎసరు పెట్టింది. నాకు రేపు కూడా పొద్దుటి షిఫ్టే.